ఉర్సూలమ్మ తాళంచెవి

మా తులూజ్‌కి కొత్తగా వచ్చే పాటగాళ్ళు దేవుడికి భయపడకపోయినా పెద్దబాతులమ్ముకునే ఉర్సూల్ ఫుర్కాద్‌కి భయపడేవాళ్ళు. మా ఊరికి రైలు పడిన కొత్తరోజులవి. పెట్టె పట్టుకుని స్టేషన్లో దిగిన గాయకుడు బండివాణ్ణి అడిగే మొదటి మాట, "ఆ తాళంచెవి ఆవిడ ఇంకా ఉందా?" అని. "ఉండకేం, గుండ్రాయిలా ఉంది," అనేవాడు బండివాడు, కాస్త గర్వంగానే.

నిజంగానే గుండ్రాయిలా ఉండేది. యాభై దాటిన మనిషి. బాతు కొవ్వుతో నిగనిగలాడే చేతులు, మోచేతుల దాకా మడిచిన రవిక, బజారు ఈ చివర మాట్లాడితే ఆ చివర వినిపించే గొంతు. బేరమాడేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. "ఈ బాతు బొత్తిగా బక్కగా ఉందేం?" అని ఎవరైనా అన్నారో, "నీ మొగుణ్ణి చూసి బెంగ పెట్టుకుందిలే తల్లీ, తీసికెళ్ళి ఇద్దరికీ కలిపి మేత వెయ్యి," అనేది. వాళ్ళు ఉడుక్కుంటూనే కొనేవాళ్ళు. కొవ్వు కరగబెట్టడంలో ఆవిడ చెయ్యి అలాంటిది.

ఇక ఆ తాళంచెవి. ఉర్సూలమ్మ తండ్రి తాళాలు చేసేవాడు. కూతురికి ఆస్తి ఇవ్వలేదుగాని ఆవిడ ఇంటి వీధి తలుపుకి జానెడు ఇనుప తాళంచెవి ఒకటి చేసిచ్చాడు. దాని కాడ బోలుగా ఉంటుంది. ఆ కన్నాన్ని కింది పెదవికి ఆనించి ఊదితే ఈల వస్తుంది. మా ఊళ్ళో థియేటర్‌కి వెళ్ళేవాళ్ళందరూ తాళంచెవులతోనే ఈల వేస్తారు, అందులో వింత లేదు. కాని ఉర్సూలమ్మది వేరు. ఆ ఈల ఒకసారి చెవిలో దూరితే తెల్లారేదాకా బయటికి రాదు.

ప్రతి ఏడూ ద్రాక్ష కోతలయ్యాక కొత్త గాయకులు మా ఊరు వస్తారు. ఒప్పందం కాగితం జేబులో ఉంటే సరిపోదు. మూడుసార్లు, మాటలకి బదులు పాటలతో నడిచే మూడు వేరువేరు ఆపెరాల్లో ఊరి ముందు నిలబడి పాడాలి. నచ్చితే చప్పట్లు, నచ్చకపోతే ఈలలు. మూడోసారి నడుముకి పట్టుపటకా కట్టుకున్న పోలీసు కమిషనరు వచ్చి కూచుని, ఏ చప్పుడు పెద్దదో చెవులారా విని తీర్పు చెబుతాడు. నెగ్గితే చలికాలమంతా జీతం. ఓడితే మర్నాటి రైలు. అందుకని మూడోది గట్టెక్కేదాకా ఏ గాయకుడూ పెట్టె విప్పి బట్టలు చిలక్కొయ్యకి తగిలించడు. పారిస్ వాళ్ళు ఇది విని నవ్వుతారు. నవ్వనీ. అక్కడ చప్పట్లు కొట్టడానికి కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. మా చెవులు మేం ఎవరికీ అద్దెకివ్వం.

థియేటర్లో అన్నిటికంటే పైన, కప్పు తలకి తగిలే చోట ఉన్న చవక బెంచీలకి కోళ్ళగూడు అని పేరు. కింద మఖమలు కుర్చీల్లోవాళ్ళు ఒకళ్ళ నగలొకళ్ళు చూసుకోడానికి వస్తారు. పాట వినేది కోళ్ళగూడు. ముందు వరసలో కుడివైపు మూల ఉర్సూలమ్మది. ఒళ్ళో రొట్టె, సాసేజి ముక్క, తాళంచెవి. పక్కనే మంగలి సిప్రియన్ ఎస్కుబే. అతనికీ ఒక తాళంచెవి ఉంది, అంత పదునైంది కాదు. ఇద్దరికీ క్షణం పడదు, అలాగని ఒకరు రాని రోజు రెండోవాళ్ళకి పాట రుచించదు.

కోళ్ళగూటికి రాసిపెట్టని చట్టాలున్నాయి. తాళంచెవి పట్టినవాళ్ళు పాటగాళ్ళతో పొత్తు పెట్టుకోకూడదు. తెర పడేదాకా చప్పట్లు కొట్టకూడదు. మధ్యలో కొట్టేవాడు డబ్బుకి అమ్ముడుపోయిన వాడే. తప్పు స్వరం వినీ ఈల వెయ్యనివాడు అంతకంటే అన్యాయం. ఉర్సూలమ్మ ఈ చట్టాల్ని జపమాలలా పట్టుకుని బతికింది.

అలాంటి మనిషి ఇంట్లోకి టెనర్ వచ్చిపడ్డాడు. ఆపెరాలో కథానాయకుడి పాట పాడే హెచ్చు గొంతు వాణ్ణి టెనర్ అంటారు. మిగతావాళ్ళు కాస్త అటూ ఇటూ అయినా ఊరుకుంటారుగాని, టెనర్‌ని మాత్రం మా ఊరు పిప్పి చేసి వదులుతుంది.

ఆ రోజు వానతో పాటు ఓతాన్ గాలి వీస్తోంది. ఆ గాలికి మా ఊరివాళ్ళకి పిచ్చెక్కుతుందంటారు; ఉర్సూలమ్మ చేసింది చూస్తే నిజమే అనిపిస్తుంది. అటకమీది గది అద్దెకిస్తారా అని ఒక కుర్రాడు తలుపు తట్టాడు. పొడుగాటి మెడ, తడిసి ముద్దయిన కండువా, అడుగేస్తే నీళ్ళు కక్కుతున్న బూట్లు. అద్దె మాట తర్వాత, ముందు కూచోమని వెల్లుల్లి సూపు పోసింది. బాతు కొవ్వులో వెల్లుల్లి వేయించి, గుడ్డు కొట్టి, రొట్టెముక్కల మీద పోసే సూపు అది. చచ్చినవాడు కూడా లేచి ఇంకో గరిటె అడుగుతాడు.

"ఏం పని చేస్తావు అబ్బాయ్?"

"మా నాన్న పీపాలు చేస్తాడండీ, రువెర్గ్ కొండల్లో."

"నాన్న సంగతి కాదు, నీ సంగతి."

కుర్రాడు చెంచా కింద పెట్టాడు. "కొత్త టెనర్‌ని, పెద్దమ్మా. ఆన్సెల్మ్ విదాయాక్ అంటారు."

ఉర్సూలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.  "ఆ ముక్క గిన్నె ఖాళీ అయ్యాకా చెప్పేది?"

"మీరు అడక్కముందే గిన్నె పెట్టారు కదండీ."

"పొద్దున్నే లేచి ఇంకో ఇల్లు చూసుకో. పాటగాళ్ళకి నా ఇంట్లో చోటు లేదు."

"అలాగేనండి."

"ఇంకో గరిటె వెయ్యనా?"

"వెయ్యండి."

పొద్దున్నకి కుర్రాడికి జ్వరం. జ్వరమొచ్చిన వాణ్ణి వానలోకి గెంటడానికి ఆవిడేమన్నా పారిస్ మనిషా? జ్వరం తగ్గేసరికి అతని బూట్లు పొయ్యి దగ్గర ఆరడానికి అలవాటుపడ్డాయి. ఉర్సూలమ్మ చూపుడువేలు ఆడిస్తూ ఒక్క మాట చెప్పింది. "నా సూపు తాగినంత మాత్రాన నా తాళంచెవి మూగదవదు. తప్పు పాడావో, ఊదేస్తాను."

"ఊదెయ్యండి పెద్దమ్మా. తప్పు పాడితే ఊదరా మరి?"

ఆ జవాబే ఆవిడ కొంప ముంచింది. అప్పటిదాకా పాటగాళ్ళంటే అత్తరు పూసుకుని అద్దం ముందు నిలబడేవాళ్ళని ఆవిడ లెక్క. వీడు కట్టెలు కొట్టేవాడు, బాతులు పీకేవాడు, తిట్టిన తిట్లకి నవ్వేవాడు. కాలవ మీద పడవ నడిపిన మొగుడు బ్లేజ్ పోయి ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఆ వంటింట్లో రెండో గిన్నె కింద పెట్టిన చప్పుడు విని చాలా కాలమైంది. ఆవిడ వాణ్ణి ప్రేమించింది, అంతే. కడుపున పుట్టినవాణ్ణి ప్రేమించినట్టే ప్రేమించింది. ఎవరితోనూ అనలేదు.

అటక చాలా ఎత్తు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అందుకని సూపు దించాక మెట్ల కింద నిలబడి, నడుముకి వేలాడే తాళంచెవి తీసి చిన్న ఈల వేసేది. "వస్తున్నా పెద్దమ్మా!" అని పైనుంచి కేక, వెంటనే బూట్లు దడదడమని దిగడం. ఎదురింటి చాకలామె కిటికీలోంచి ఎకసెక్కం చేసేది. "ఏం ఉర్సూలమ్మా! ఊళ్ళో టెనర్లందర్నీ తరిమే ఈలతో నీ టెనర్ని పిలుచుకుంటున్నావా?"

"నీ మొగుణ్ణి పిలవడానికైతే చీపురు తీసేదాన్ని. నీ గంజి మాడుతోంది, చూసుకో పో!"

మొదటి పరీక్షలో ఆన్సెల్మ్ భయంభయంగా పాడి గట్టెక్కాడు. చప్పట్లు లేవు, ఈలలూ లేవు. రెండోదాంట్లో పై స్వరం మీద గొంతు చిట్లింది. కోళ్ళగూట్లో తాళంచెవులు మోగాయి. ఉర్సూలమ్మ కూడా తాళంచెవి పెదవికి ఆనించింది. ఊపిరి పీల్చుకుంది. ఊదలేకపోయింది.

సిప్రియన్ చూడనే చూశాడు. "ఏం ఉర్సూలమ్మా, తాళంచెవికి జలుబు చేసిందా?"

"నీ కత్తికి పట్టిన తుప్పే దీనికీ అంటుకుంది. నోర్మూసుకుని విను."

మాట తిప్పికొట్టిందే గాని ఆవిడకి ఇంటికెళ్ళాక ముద్ద దిగలేదు. జన్మలో మొదటిసారి తప్పు స్వరాన్ని వదిలేసింది.

ఇక మిగిలింది ఒక్కటే. అదీ పోతే ఆన్సెల్మ్ పని ఆఖరు. అప్పటికి మిగతా ఊళ్ళ థియేటర్లన్నిట్లో టెనర్లు కుదిరిపోయి ఉంటారు. తులూజ్ ఈల వేసి పంపినవాణ్ణి వచ్చే ఏడు కూడా ఎవరూ పిలవరు. రువెర్గ్ వెళ్ళి తండ్రి పక్కన కూచుని పీపాలకి సుత్తి కొట్టుకోవాలి. "చెప్పానా?" అని తండ్రి అడుగుతాడు. ఆ మాట అడిగించుకోవడం కంటే కాలవలో దూకడం నయం అని ఆన్సెల్మ్ నవ్వుతూనే అన్నాడు. ఉర్సూలమ్మకి నవ్వు రాలేదు.

మూడో పరీక్ష "కౌంట్ అమానియో" ఆపెరాలో అని థియేటర్ గోడ మీద కాగితం పడింది. అది చూసి బజారంతా గొణిగింది. ఆ ఆపెరాతో మా ఊరికి పాత తగాదా ఉంది.

ఆపెరా కాకముందు అది నాటకం. పాటల్లేవు, ఉత్త మాటలే. మతయుద్ధాల కాలంలో మా వైపు ఏలిన ఒక ప్రభువు కథ. తన కోటలో తలదాచుకున్నవాళ్ళని చర్చి గురువులకి అప్పగించనన్నందుకు ఆయన్ని మతంలోంచి వెలివేశారు, ఊరిని ముట్టడించారు. ఊరు ఆకలితో మాడిపోతుంటే కౌంట్ అమానియో చెప్పులు విడిచి, చొక్కా విప్పి, చర్చి గుమ్మం ముందు మోకరిల్లి కొరడాకి వీపు అప్పగిస్తాడు. అప్పుడు ఒకే ఒక్క మాట అంటాడు. "నా వీపు మీది. నా ఊరు మీది కాదు." ఆ మాట విని మా ఊరు వెర్రెత్తిపోయింది. గాడిదలు తోలేవాళ్ళు, చాకళ్ళు, బడిపిల్లలు, అందరి నోటా అదే. పన్ను కట్టడానికెళ్ళి కూడా ఆ మాటే అనేవాళ్ళు.

తర్వాత పారిస్ వాళ్ళు దాన్ని ఆపెరా చేశారు. చేస్తే చేశారు, ఆ మాట తీసేశారు! దాని బదులు పొడుగాటి ప్రార్థనాగీతం పెట్టారు. అది చాలక, తిండి లేక చస్తున్న ఊళ్ళో పట్టుపావడాలు కట్టిన అమ్మాయిల చేత మూడో అంకమంతా నాట్యం చేయించారు. ఒక గుర్రాన్ని కూడా తెచ్చారు. ముట్టడిలో ఉన్న ఊరు ఆ గుర్రాన్ని ఎప్పుడో వండుకు తినేదని పారిస్‌లో ఎవరికీ తట్టలేదు కాబోలు.

పరీక్ష దగ్గరపడింది. ఉర్సూలమ్మ వంటింట్లో బాతు ఈకలు పీకుతోంది. ఆన్సెల్మ్ కిటికీ దగ్గర నిలబడి ప్రార్థనాగీతం సన్నగా అనుకుంటూ, చేతులు చాచి మోకాళ్ళ మీదికి వాలాడు.

"అలా కాదు," అందావిడ. అని నాలిక్కరుచుకుంది.

"మరెలా? మీరు ఆ నాటకం చూశారటగా పెద్దమ్మా."

"నన్నడక్కు. పరీక్ష పెట్టేదాన్నే పాఠం అడుగుతావా? సిగ్గు లేకపోతే సరి."

ఆన్సెల్మ్ ఇంకేం అడగలేదు.  తర్వాత ఉర్సూలమ్మ తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"బ్లేజూ నేనూ అప్పటికి పెళ్ళి అనుకోలేదు. వాడు పడవ దిగిన రోజల్లా ఆ నాటకానికి లాక్కెళ్ళేవాడు. అమానియో వేషం వేసినాయన పెద్ద అందగాడేం కాదు, పొట్టివాడు. ఆయన వచ్చీ రాగానే దభీమని మోకాళ్ళ మీద పడేవాడు కాదు. ముందు జోళ్ళు విప్పేవాడు. విప్పి, గుమ్మం పక్కన రెండూ జతగా, సమంగా పెట్టేవాడు. పొలం నుంచి ఇంటికొచ్చిన మనిషి పెట్టుకున్నట్టు. తొందర లేదు, ఏడుపు లేదు. తర్వాత మోకరిల్లేవాడు. ఆ జోళ్ళు పెట్టడం చూసి బ్లేజ్ నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ పట్టు వదిలింది వాడు పోయిన రోజే."

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఇదంతా నేను నీకు చెప్పలేదు. బాతుకి చెప్పాను."

"నేనూ వినలేదు పెద్దమ్మా," అన్నాడు ఆన్సెల్మ్.

ఆ సాయంత్రం థియేటర్ కిటకిటలాడింది. కోళ్ళగూట్లో చీమ దూరే సందు లేదు. కమిషనరు పటకా సర్దుకుని తన పెట్టెలాంటి గదిలో కూచున్నాడు. మొదటి అంకం బాగానే నడిచింది. రెండో అంకం చివర ఆన్సెల్మ్ స్వరం ఒకటి కిందికి జారింది. పెద్ద తప్పేం కాదు. కింద మఖమలు కుర్చీల్లో ఎవరికీ తెలియలేదు. కోళ్ళగూటికి తెలిసింది. సిప్రియన్ తన తాళంచెవి తియ్యలేదు. తల తిప్పి ఉర్సూలమ్మ కేసి చూశాడు. బెంచీలన్నీ చూశాయి. ఆవిడ రొట్టె నములుతూ ముందుకే చూస్తూ కూచుంది.

మూడో అంకంలో ఆకలితో చస్తున్న ఊరు నాట్యం చేసింది. గుర్రం కూడా వచ్చి వెళ్ళింది.

నాలుగో అంకం. చర్చి గుమ్మం. కౌంట్ అమానియో ఒంటరిగా నడిచివచ్చాడు. వాద్యాలు ఆగాయి. అక్కడ మోకరిల్లి ప్రార్థనాగీతం ఎత్తుకోవాలి. ఆన్సెల్మ్ ఎత్తుకోలేదు. వంగి ఒక బూటు విప్పాడు. రెండోది విప్పాడు. రెండూ తీసి గుమ్మం పక్కన జతగా పెట్టాడు. ఒకటి కాస్త ముందుకుంటే వేలితో వెనక్కి సర్దాడు. తర్వాత మోకరిల్లాడు.

ఉర్సూలమ్మకి తను ఎక్కడుందో తెలియలేదు. అరచేతిలో బ్లేజ్ చెయ్యి ఉన్నట్టే ఉంది. ఆవిడ చేతులు వాటంతటవే లేచి చప్పట్లు కొట్టేశాయి. పాట మొదలు కాలేదు, తెర పడలేదు, ఎవరూ ఊపిరి కూడా తియ్యని ఆ నిశ్శబ్దంలో ఫట్ ఫట్ మని బాతులమ్మే ఆవిడ చప్పట్లు.

గూడంతా ఒక్కసారి తిరిగింది.

"అమ్ముడుపోయింది!" అని వెనక బెంచీలోంచి ఎవడో అరిచాడు. "వాడు దాని ఇంట్లోనే ఉంటున్నాడు! రెండో అంకంలో తప్పు పాడితే కిక్కురుమనలేదు!"

"ఉర్సూలమ్మే కొట్టిందంటే ఇంకెవర్ని నమ్మాలిరా దేవుడా!"

ఇంకేముంది, తాళంచెవులన్నీ మోగాయి. నిజానికి అవి ఆన్సెల్మ్ మీద వేసిన ఈలలు కావు, ఆవిడ మీద వేసినవి. కాని కమిషనరుకి ఆ తేడా ఏం తెలుస్తుంది? ఆయన పటకా మీద చెయ్యేసుకుని లేవబోతున్నాడు. కింద వాద్యబృందం నాయకుడు తాళం వేసే కర్ర గాల్లో ఆపేశాడు. ఆన్సెల్మ్ తల వంచుకుని మోకాళ్ళ మీద అలాగే ఉన్నాడు. ఉర్సూలమ్మకి అంతా అర్థమైంది. తన ప్రేమే ఆ పిల్లాణ్ణి ముంచేస్తోంది.

ఆవిడ లేచి నిలబడింది. తాళంచెవి పెదవికి ఆనించింది. ఊదింది.

అంత ఈల మా థియేటర్లో ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. మిగతా తాళంచెవులన్నీ ఠక్కున ఆగిపోయాయి. గ్యాసుదీపాలు కూడా అదిరాయంటారు, అది అబద్ధమే అయినా అనబుద్ధేస్తుంది. ఆ ఈల చెవిన పడగానే ఆన్సెల్మ్ తలెత్తి పైకి చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో వెలుగు. మెట్ల కింద సూపు దించి పిలిచినప్పుడు ఎలా ఉంటుందో అలాగే. "వస్తున్నా" అనబోయినట్టు నోరు కూడా తెరిచాడు. అప్పుడు తనెక్కడున్నాడో గుర్తొచ్చింది. ఆ మొహం ఆరిపోవడం ఉర్సూలమ్మ అంత ఎత్తునుంచీ చూసింది. 

"ఇది రెండో అంకంలో జారిన స్వరానికి!" అని అరిచింది. అదే బజారు గొంతు. "అప్పుడే ఊదాల్సింది. ఊదలేదు. వాడు నా సూపు తాగే పిల్లాడని చెయ్యి రాలేదు. తప్పు నాది, వాడిది కాదు. నన్నెవడూ కొనలేదురా! కొనేంత డబ్బు వాడి దగ్గరుంటే తన బూట్లకి కొత్త అడుగుతోలు కుట్టించుకోడూ? ఇప్పుడా బాకీ తీరింది. ఇక ఆ జోళ్ళు పెట్టిన తీరుకి నేను చప్పట్లు కొడతాను. తెర పడ్డాక కాదు, ఇప్పుడే కొడతాను! అది తప్పన్నవాడు నా మొహం చూసి ఊదండి!"

అని నిజంగానే కొట్టింది. ఒక్కతే, కన్నీళ్ళు తుడుచుకోకుండా.

ఎవరూ ఊదలేదు. సిప్రియన్ తన తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ నాటకం అతనూ చూసినవాడే, కుర్రతనంలో, ఇదే బెంచీ మీంచి. తాళంచెవి జేబులో వేసుకుని లేచాడు. గొంతు సవరించుకుని, పాత నటుడు అన్నట్టే తాపీగా అన్నాడు:

"నా వీపు మీది. నా ఊరు మీది కాదు."

పక్కవాడు అందుకున్నాడు. తర్వాత బెంచీ, తర్వాత గూడు. పారిస్ వాళ్ళు కోసి పారేసిన మాట కప్పు కింద గర్జించింది. మఖమలు కుర్చీల్లో పెద్దమనుషులు కూడా కొందరు పెదవులు కదిపారు. మా ఊరివాళ్ళే కదా వాళ్ళూను. ఆ గర్జన తగ్గాక వాద్యబృందం నాయకుడు కర్ర దించాడు. ఆన్సెల్మ్ పాడాడు. పై స్వరం నిలబడింది. గొప్ప గొంతు అని అబద్ధం చెప్పను, అంతకంటే గొప్పవి విన్నాం. కాని ఆ సాయంత్రం అతను మా మనిషిలా పాడాడు.

తెర పడ్డాక కమిషనరు చెవులు మూసుకోవలసి వచ్చింది. కింద ఎవడో ఒక్కడు ఈల వేశాడు. పక్కవాడు వాడి టోపీ కళ్ళ మీదికి లాగేశాడు. "నెగ్గాడు!" అని కమిషనరు ప్రకటించిన మాట ఎవరికీ వినపడలేదు, వినాల్సిన పనీ లేకపోయింది.

ఉర్సూలమ్మ మాత్రం ఆ సంబరంలో నిలవలేదు. మెట్లు దిగుతుంటే సిప్రియన్ వెనకాలే వచ్చి చెయ్యి పట్టాడు.

"నెగ్గాడుగా, ఇంకా ఏడుస్తావేం?"

"నెగ్గాడు. కాని వాడు పైకి చూసిన చూపు నువ్వు చూడలేదు సిప్రియన్. తిండికి పిలిచాననుకున్నాడు."

మంగలి తన చేతిగుడ్డ తీసి ఇచ్చాడు. వీధి మలుపుదాకా తోడు వచ్చి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆన్సెల్మ్‌ని తోటి గాయకులు విందుకి లాక్కెళ్ళారు. ఎప్పుడొచ్చాడో ఆవిడకి తెలియదు. మర్నాడు బజార్లో జనం బాతులు కొనడానికి కాదు, ఆవిడతో మాట్లాడడానికి ఎగబడ్డారు. ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. దుకాణం పెందరాళే కట్టేసి ఇంటికొచ్చి, మామూలు కంటే ఎక్కువ వెల్లుల్లి వేసి సూపు కాచింది. రెండు గుడ్లు కొట్టింది. మధ్యాహ్నం గంటలు మోగాయి. మెట్ల కిందికెళ్ళి అలవాటుగా తాళంచెవి తీసింది.

ఊదలేకపోయింది. నిన్న అంత ఊరి ముందు ఆ పిల్లాడి మీద ఊదిన ఈలతోనే ఇవాళ తిండికి రమ్మని ఎలా పిలుస్తుంది? తాళంచెవి వదిలేసి, వంటింట్లోంచి గరిటె తెచ్చి మెట్ల కటకటాల మీద కొట్టింది. పైనుంచి కేక లేదు. మళ్ళీ కొట్టింది. పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. బరువైన పెట్టె, చెక్కనేల మీద.

వెళ్ళిపోతున్నాడు అనుకుంది. వెళ్ళక? నెగ్గిన టెనర్‌కి ఊళ్ళో ఏ ఇల్లయినా తలుపు తీస్తుంది. తన మీద ఈల వేసిన మనిషి వంట తినాల్సిన ఖర్మ అతనికేం? ఉర్సూలమ్మ గరిటె పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"పెద్దమ్మా!" పైన కటకటాల మీంచి ఆన్సెల్మ్ తల తొంగిచూసింది. చేతిలో నలిగిపోయిన చొక్కా ఒకటి. "ఆకలితో చస్తున్నాను. ఈల వెయ్యరేం?"

"పెట్టె ఎక్కడికి ఈడుస్తున్నావు?" అంది ఆవిడ, అతి కష్టం మీద.

"మంచం కిందికి. ఖాళీ అయిందిగా. బట్టలన్నీ తగిలించేశాను, చిలక్కొయ్యలు చాల్లేదు. ఇంకో రెండు కొట్టుకోమంటారా?"

ఉర్సూలమ్మ కొట్టుకోమన్నట్టు తలూపింది. తర్వాత మెల్లిగా అంది, "గరిటె కొట్టాను, వినపడలేదా?"

"గరిటెకి నేను రాను. నాకు ఈల వెయ్యాలి."

"నిన్న వేసింది చాల్లేదూ?"

"అది నిన్నటిది. రెండో అంకానిది, నాకూ తెలుసు. జారాను, ఊదారు. సూపుది ఏది?"

ఆవిడ లేచింది. వంటగుడ్డతో మొహం తుడుచుకుని, తాళంచెవి పెదవికి ఆనించి ఊదింది.  ఈల రాలేదు, గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. ఈసారి కీచుమని సగంలో విరిగింది. టెనర్లని తరిమిన తాళంచెవి అది, మొదటిసారి స్వరం తప్పింది.

"తప్పింది!" అని పైనుంచి కోళ్ళగూటి గొంతుతో అరిచాడు ఆన్సెల్మ్. "తప్పింది పెద్దమ్మా! మళ్ళీ!"

ఉర్సూలమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. నవ్వు ఆగాక గట్టిగా ఊపిరి పీల్చుకుని శుభ్రంగా ఊదింది. వీధిలో వాళ్ళంతా విన్నారు.

"వస్తున్నా పెద్దమ్మా!"

బూట్లు దడదడమని మెట్లు దిగాయి.